పిడికెడు బియ్యం

మా చర్చి ఆడవాళ్లం అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం అందరి బియ్యం ఒకే సంచిలో పడుతుంది. ఇదివరకు దాన్ని వేలం వేసి, ఆ డబ్బు చర్చికి వాడేవారు. ఈసారి ఆ బియ్యం వండి, నల్లగొండ పెద్ద దవాఖాన బయట రోగుల కోసం కాచుకుని ఉండే వాళ్లకు పెడతామని యూత్ పిల్లలు అడిగారు. వాళ్ల సెక్రటరీ మా అమ్మాయి కరుణ. సంఘ పెద్ద కమలాకర్ గారు ఒప్పుకున్నారు గానీ, మొదటి వారమే తేడా వస్తే మళ్లీ వేలమే అన్నారు.

నాకు నిద్ర పట్టలేదు. తిన్నవాళ్లకు వాంతులైతే? పొయ్యి దగ్గర ఎవరి చున్నీ అయినా అంటుకుంటే? ఆదివారం ఆరాధన కాగానే రెండు బకెట్ల నీళ్లు పొయ్యి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

నేను భయపడినవేవీ కాలేదు. తలచుకోనిది అయింది. సన్నబియ్యం, రేషన్ బియ్యం, పాతవి, కొత్తవి అన్నం వండే ఒకే పెద్ద గంజులో పడ్డాయి. సగం ముద్దయింది, సగం పలుకు మీదే ఉంది. గరిటె తిప్పుతున్న యూత్ పిల్లాడు విజేందర్ దీనితో గోడలకు పోస్టర్లు అంటించుకోవచ్చన్నాడు. కమలాకర్ గారు తొంగిచూసి, ఇది పశువులకు పోసి హోటల్ నుంచి పొట్లాలు తెప్పించమన్నారు.

కరుణ జంకలేదు. "పారబోసుడు లేదు అంకుల్. ఇంకిన్ని నీళ్లు పోసి మెత్తగ ఉడికిస్తం. పెసరపప్పు, అల్లం, జీలకర్ర ఏస్తం. ఆకలైనోళ్లకు పెడ్తున్నం, గిది పెండ్లి బంతి కాదు."

దవాఖాన గేటు దగ్గర గంజు మూత తీయగానే ఇద్దరు ముగ్గురు చూసి పక్కకు జరిగారు. అప్పుడు గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన ప్లేటెడు తిని వెళ్లి, టిఫిన్ డబ్బాతో మళ్లీ వచ్చాడు. దేవరకొండ వైపు గొర్లు కాసుకునే మల్లప్పట.

"లోపల మా ముసల్ది ఉంది బిడ్డా. మెత్తటిదే పెట్టుమన్నరు. గీడ అందరు పులిహోర పంచుతరు, అది మింగలేకపోతాంది. మల్ల ఎప్పుడొస్తరు?"

అతని వెనక ఇంకో డబ్బా, దాని వెనక ఇంకోటి. గంజు అడుగు కనబడింది.

కరుణ నోరు తెరవకముందే కమలాకర్ గారు చెప్పారు. "వచ్చే ఐతారం. ఇంత పెద్దదే ఇంకో గంజు తెస్తం."

ఇప్పుడు ఏ బియ్యమైనా తెమ్మని నేనే ఆడవాళ్లకు చెబుతున్నాను. శనివారం మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని సంచెడు బియ్యం చాటలో పోసి ఏరతాను. రాయి తగిలి మల్లప్ప భార్య పన్ను విరిగితే?

"అమ్మా, ఆ అవ్వకు పండ్లే లేవు," అంది కరుణ.

"చిగుళ్లున్నయి కదనే," అని ఇంకో చాట పోసుకున్నాను.