ఇరవై రెండు నిమిషాల టీ

ఎల్లిస్ బార్లోకి గోధుమరంగు కవరు మంగళవారం వచ్చింది. ఇంగ్లండులో రోచ్‌డేల్ ఊళ్లోని ఆ ఏటవాలు వీధిలో ఎవరికి ఆ రంగు కవరు వచ్చినా పోస్టుమాన్ తలుపు కన్నంలోంచి దాన్ని మెల్లగా జారవిడుస్తాడు. మిగతా ఉత్తరాలు దబ్బున పడతాయి. ఇది మాత్రం చప్పుడు చెయ్యదు. ఆ మెత్తదనం ఎల్లిస్ గమనించాడు. మంచివాడు, పాపం, తన చేతిలో ఉన్నంతవరకు చేస్తున్నాడు అనుకున్నాడు.

కవరులో ఏముందో విప్పకుండానే తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర పనిచేసి, పిండి దుమ్ము పీల్చి పీల్చి, యాభై అయిదో ఏట అతని ఊపిరితిత్తులు మొరాయించాయి. అప్పట్నుంచి ప్రభుత్వం ఇచ్చే జబ్బు భత్యం మీద బతుకుతున్నాడు. ఆ భత్యం ఊరికే రాదు. ఉండుండి ఎవరో ఒకరు అతన్ని పరీక్షించి, పనికి పనికొస్తాడా లేదా తేల్చాలి. పనికొస్తాడంటే భత్యం ఆగిపోతుంది. మెట్టు ఎక్కితే రొప్పే మనిషి పొద్దున్నే లేచి ఉద్యోగాల వేటకి బయల్దేరాలి.

పోయినసారి అలాగే తేల్చారు. తప్పు కొంత అతనిదే. పరీక్షకి పిలిచారు కదా అని నున్నగా గడ్డం గీసుకుని, అంత్యక్రియలకు వెళ్లేందుకు దాచుకున్న నల్ల సూటు తొడుక్కుని, బూట్లు అద్దంలా తోమి, టై కట్టుకుని వెళ్లాడు. పరీక్ష చేసే ఆవిడ గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. ఎలా ఉన్నారని అడిగితే, పర్వాలేదండీ, చెప్పుకునేంత ఏమీ లేదు అన్నాడు. ఆ వీధిలో ఎవర్నడిగినా అదే మాట చెబుతారు, కాలు విరిగి మంచంలో ఉన్నవాళ్లతో సహా. ఆవిడ మాత్రం విన్నది విన్నట్టే రాసుకుంది. శుభ్రంగా తయారై వచ్చారు, ఎవరి సాయమూ లేకుండా లేచారు, తన ఆరోగ్యం గురించి ఫిర్యాదులు లేవన్నారు. పనికి అర్హుడు.

ఆ తీర్పు మార్పించడానికి పదకొండు నెలలు పట్టింది. ఉత్తరాలన్నీ అతని భార్య నోరాయే రాసింది, ప్రతి ఉత్తరంలో ముఖ్యమైన మాటల కింద రెండేసి గీతలు గీసి మరీ. తీర్పు మారిన ఆర్నెల్లకి ఆమె పోయింది. ఇప్పుడు కవరు చేతిలో పట్టుకుని కూర్చుంటే, ఈసారి ఎవరు గీతలు గీస్తారన్నదే అతనికి ముందు తట్టింది.

గీసేందుకు పక్కింటి బెరిల్ ఉంది. బెరిల్‌కి అరవై ఏడు. బడి వంటశాలలో రెండు వందల మంది పిల్లల్ని ఒక్క గరిటెతో, ఒక్క గొంతుతో అదుపులో పెట్టిన మనిషి. కీళ్లవాతం వచ్చి తను కూడా ఇలాంటి పరీక్షలు మూడు దాటింది. కవరు సంగతి విని చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఉత్తరం రెండుసార్లు చదివింది. డాక్టరు రాసిన కాగితం పుణ్యమా అని ఈసారి పరీక్షకి అతను వెళ్లక్కర్లేదు, వాళ్లే ఇంటికొస్తారు. వచ్చే గురువారం, పదకొండింటికి.

"ఇంటికొస్తారంటే ఇంకా ప్రమాదం," అంది బెరిల్. "నీ ఇంట్లో నీకు మర్యాద ఎక్కువైపోతుంది."

ఆ వారమంతా వంటగదిలో తాలీము నడిచింది. బెరిల్ కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని పరీక్షాధికారి అయ్యేది. ఎలా ఉన్నారు మిస్టర్ బార్లో అని అడిగేది. ఎల్లిస్ నోరు తెరిచి "పర్వాలేదు" లో "ప" అనేసరికి చెంచాతో బల్ల మీద కొట్టేది. మళ్లీ మొదట్నుంచి. మూడో రోజుకి అతను "అంత బాగా లేదండీ" అనడం నేర్చుకున్నాడు. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ దొంగతనం చేసినవాడిలా తల దించుకునేవాడు.

"నిజమే కదయ్యా చెబుతున్నది," అంది బెరిల్.

"నిజమే. అయినా పైకి అంటే ఏదో అడుక్కుంటున్నట్టుంది."

అప్పుడు ఆమె మూడు ఒట్లు వేయించుకుంది. గడ్డం గీసుకోకూడదు. తలుపు తీయడానికి లేవకూడదు, తలుపు తనే ఓరగా తీసిపెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, టీ పెట్టకూడదు. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, వానలో తడిసి ముద్దయినా సరే, చావు కబురు తెచ్చినా సరే. వాళ్ల ముందు లేచి టీ పెట్టాడంటే ఇక పుట్టి మునిగినట్టే. టీ పెట్టగలడు, కప్పులు మోయగలడు, నిలబడగలడు, మనుషులతో మసలగలడు అని వరసపెట్టి రాసుకుంటారు.

ఎల్లిస్ నోరా ఫొటో వైపు చూస్తూ ఒట్టు వేశాడు. అక్కడే బెరిల్‌కి అనుమానం రావలసింది. ఆ ఇంటికొచ్చిన వాళ్లెవర్నీ నోరా టీ లేకుండా పంపి ఎరగదు. మీటరు చదవడానికి వచ్చినవాణ్ని కూడా.

గురువారం పొద్దున్నుంచే వాన. పదకొండు దాటాక అయిదు నిమిషాలకి ఓరగా తీసి ఉన్న తలుపు తట్టి ఒకమ్మాయి లోపలికొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. పేరు బెథన్ రీస్ అంది, వేల్స్ యాస తెలుస్తూనే ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసిందట, ఇప్పుడు ఈ పరీక్షల పని. గొడుగు గాలికి తిరగబడిపోయింది. బస్సు స్టాపు నుంచి ఆ ఏటవాలు ఎక్కి నడిచొచ్చింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. కంప్యూటరు తడవకుండా కోటు లోపల పెట్టుకుంది, అందుకని కోటు బొత్తాలు పెట్టుకోలేకపోయింది. వేళ్లు ఎర్రగా కమిలినట్టున్నాయి.

ఎల్లిస్ కుర్చీలో ముందుకి జరిగాడు. మూల కూర్చున్న బెరిల్ దగ్గింది. అతను వెనక్కి జరిగాడు.

బెథన్ కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. ఎలా ఉన్నారు అని అడిగింది. అంత బాగా లేదండీ అన్నాడతను, నేల చూస్తూ. బెరిల్ ముఖం వెలిగింది. తర్వాతవి కూడా బాగానే నడిచాయి. మందులు, దగ్గు, రాత్రిళ్లు ఎన్ని దిండ్లు పెట్టుకుంటాడు, అన్నీ. తర్వాత ఆ అమ్మాయి ఆగకుండా ఎంత దూరం నడవగలరని అడిగింది.

"సందు చివరి కొట్టుదాకా వెళ్తాను తల్లీ," అన్నాడు ఎల్లిస్.

అది అబద్ధం కాదు. రోజూ వెళ్తాడు. దారిలో రెండు పిట్టగోడల మీదా, ఒక కిటికీ గట్టు మీదా కూర్చుని వెళ్తాడు. కానీ అతని దృష్టిలో కూర్చోవడం ఆగడం కాదు, నడకలో భాగమే. బెథన్ ఏదో గడిలో టిక్కు పెట్టింది. ఆ టిక్కు చప్పుడు బెరిల్ గుండెల్లో పడింది. కలగజేసుకోబోతే బెథన్ మర్యాదగానే చెయ్యి చూపి, ముందు ఆయన్నే చెప్పనివ్వండి అంది.

రోజు ఎలా గడుస్తుందని అడిగింది. లేస్తానన్నాడు, కడుక్కుంటానన్నాడు, టీ పెట్టుకుంటానన్నాడు. ఇంకో టిక్కు. అలా ఇంకా రెండు ప్రశ్నలు. ఆ అమ్మాయి టైపు చెయ్యడం ఆపి, రెండు చేతులూ చంకల్లో దోపుకుంది, ఒక్క క్షణం, వెచ్చదనం కోసం. మళ్లీ టైపు చెయ్యసాగింది.

అంతే. ఎల్లిస్‌ వల్ల కాలేదు.

"టీ తాగి అడుగు తల్లీ. ప్రశ్నలెక్కడికీ పోవు," అన్నాడు, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తూ.

తీసుకోకూడదండీ అంది బెథన్. బెరిల్ చటుక్కున లేచి, నేను పెడతాను నువ్వు కూర్చో అంది. ఎల్లిస్ ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు కానీ, నా ఇంట్లో నన్ను చిన్నబుచ్చకు అని ఉంది. బెథన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఆయన్నే పెట్టనివ్వండి," అంది బెరిల్‌తో.

బెరిల్ కూలబడింది. ఉచ్చు బిగిసిందనుకుంది.

కుర్చీ నుంచి వంటగదిలోకి తొమ్మిది అడుగులు. నాలుగో అడుగు దగ్గర గోడవార ఒక స్టూలు ఉంది. ఎల్లిస్ దాని మీద కూర్చున్నాడు. బెథన్ కంప్యూటరు పట్టుకుని వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. మనిషి దగ్గరగా వచ్చి చూస్తుంటే ఏదో ఒకటి చెప్పడం మర్యాద కదా అని అతను చెప్పడం మొదలుపెట్టాడు, రెండు మాటలకో ఊపిరి తీసుకుంటూ.

"ఈ స్టూలు చర్చి స్టాపు. పొయ్యి పక్కనున్నది మార్కెట్టు స్టాపు. పెరటి తలుపు దగ్గరది డిపో. ఫ్యాక్టరీకి ముప్పై ఏళ్లు అదే బస్సు ఎక్కాను. పేర్లు గుర్తుండిపోయాయి."

బెథన్ నవ్వింది. డిపో దాకా వెళ్తారా అని అడిగింది. చెత్త తీసే రోజు మాత్రమే అన్నాడు.

మార్కెట్టు స్టాపులో కూర్చుని అతను తన ఏర్పాట్లన్నీ చూపించాడు. కొత్త ఫ్యాక్టరీ చూపించే యజమానిలా ఉషారుగా చూపించాడు. కెటిల్ ఎత్తడు, మరిగాక ఉన్నచోటే వంచుతాడు. అది కుళాయి పక్కనే ఉంటుంది, కప్పుతో నీళ్లు పట్టి పోస్తాడు, మూడు కప్పులు, ఒక్కో కప్పుకీ ఒక విరామం. పాలసీసా బరువు కనక బెరిల్ రోజూ పొద్దున్నే కాసిని చిన్న సీసాలో పోసి పెడుతుంది. టీ డబ్బా, చక్కెర, కప్పులు అన్నీ నడుము ఎత్తులో. చెయ్యి పైకెత్తితే ఆయాసం. నీళ్లు మరిగేటప్పుడు మాట్లాడడు, ఆవిరి పడదు. ఆ కాసేపూ ఇన్హేలర్ పీల్చుకుని కళ్లు మూసుకున్నాడు. పెదాల చుట్టూ నీలం రంగు వచ్చి మెల్లగా పోయింది. నర్సుగా పనిచేసిన మనిషి కనక బెథన్ అది చూసింది. ఒక అడుగు ముందుకి వేసి, ఆగి, వెనక్కి వేసింది.

పళ్లెం మోయలేడు కనక నోరా ఎప్పుడో చుట్టాలకని కొన్న చక్రాల బల్ల మీద పెట్టాడు. ఒక చక్రం కీచుమంటుంది. బల్లని తోస్తున్నట్టే ఉంటుంది గానీ నిజానికి దాని మీద ఆనుకునే నడుస్తున్నాడు. తిరుగు దారిలో మళ్లీ చర్చి స్టాపు. కుర్చీ చేరాక రెండు నిమిషాలు మాట రాలేదు. చేత్తోనే తాగమని సైగ చేశాడు. అప్పుడు గుర్తొచ్చి, లేచి బిస్కట్లు తేబోయాడు.

"ఇక వద్దు, కూర్చోండి," అంది బెథన్. మొదటిసారి ఆ గొంతులో నర్సు వినిపించింది.

కప్పు రెండు చేతులతో పట్టుకుని మొత్తం తాగింది. కొట్టుకి వెళ్లే దారిలో ఎన్ని స్టాపులని అడిగింది. మూడే అన్నాడు ఎల్లిస్, కొంచెం గర్వంగా. ఎండాకాలం రెండే. ఆమె ఇందాక పెట్టిన టిక్కుల దాకా వెనక్కి వెళ్లి చాలాసేపు టైపు చేసింది. ఏం రాస్తోందో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. వెళ్లేటప్పుడు అతని పెద్ద గొడుగు తీసుకెళ్లమంటే వద్దంది. అది మాత్రం నిజంగానే తీసుకోకూడదట.

తలుపు మూశాక బెరిల్ అతని వైపు తిరిగింది.

"మూడు ఒట్లు," అంది. "మూడు."

"గడ్డం గీసుకోలేదుగా."

"పెద్ద ఘనకార్యం. ఇల్లంతా తిప్పి చూపించావు, టికెట్టు ఒక్కటే తక్కువ. రేపు ఏ హోటల్లోనో టీలు అందించే పనికి పంపిస్తారు, అప్పుడు చెబుదువుగాని స్టాపుల పేర్లు."

ఆమె అన్నది నిజమే అయ్యుంటుందని ఎల్లిస్‌కీ భయంగానే ఉంది. మళ్లీ పదకొండు నెలలు పోరాడే ఓపిక లేదు. అయినా ఆ పిల్ల వేళ్లు కప్పు చుట్టూ మామూలు రంగుకి రావడం చూశాడు. మళ్లీ ఆ గురువారమే వస్తే ఏం చేస్తానా అని ఆలోచించి, ఆలోచించడం మానేశాడు.

అయిదు వారాలు గడిచాయి. ఆ అయిదు వారాలూ బెరిల్ చిన్న సీసాలో పాలు పోస్తూ రోజుకొకసారి దెప్పింది. ఆరో వారం సోమవారం నాడు కవరు మెత్తగా జారింది.

ఎల్లిస్ విప్పలేదు, బెరిల్‌ని పిలవడానికి పక్కింటి గోడ మీద తట్టాడు. బెరిల్ వచ్చి, వేళ్లు వంగక కవరు చించడానికి కాస్త తంటాలు పడి, మొదటి పేజీ లోపల్లోపల చదువుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కొనసాగిస్తారట," అంది. "మూడేళ్లదాకా మళ్లీ పిలవరు."

ఎల్లిస్ గట్టిగా ఊపిరి తీసుకోబోయి, అలా తీసుకోకూడదని గుర్తొచ్చి, చిన్నది తీసుకున్నాడు. ఎందుకని అడిగాడు. కారణాలు రెండో పేజీలో ఉన్నాయి. బెరిల్ పైకి చదివింది. తొమ్మిది అడుగుల దూరంలో ఒకచోట కూర్చోవలసి వచ్చింది, తిరిగి వచ్చేటప్పుడు మరోసారి. కెటిల్ ఎత్తలేరు. సీసా ఎత్తలేరు. చెయ్యి భుజం పైకి ఎత్తితే ఆయాసం వస్తుంది. నడిచేటప్పుడు చక్రాల బల్ల ఆధారం కావాలి. మూడు కప్పుల టీ తయారుచేసి తేవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

ఆ చివరి మాట దగ్గర ఎల్లిస్ తలెత్తాడు.

"ఇరవై రెండా?"

"అలాగే రాసింది."

"నేను పది అనుకున్నాను." ఫొటో వైపు చూసి, "నోరా ఎప్పుడూ చెప్పలేదు," అన్నాడు.

నోరా ఉన్నప్పుడు అతను టీ పెడుతుంటే ఆమె ఈ గదిలోంచి వీధి కబుర్లు చెబుతూనే ఉండేది. కబుర్లు అయ్యేసరికి టీ వచ్చేది. ఆమె వెళ్లిపోయాక గడియారం చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు. తను గొప్పగా చూపించినవన్నీ ఆ కాగితం మీద ఎత్తలేరు, ఆయాసం వస్తుంది, ఆధారం కావాలి అని బారులు తీరి ఉన్నాయి. వాటివల్లే గట్టెక్కాడు. సంతోషించాలి. సంతోషంగానే ఉంది, కాకపోతే ఎవరో తన గదిలో సామాన్లన్నీ వీధిలో పరిచినట్టుంది.

"టీ ఎలా ఉందో ఏమైనా రాసిందా?" అని అడిగాడు.

బెరిల్ కాగితం అటూ ఇటూ తిప్పింది. "దానికి గడి లేనట్టుంది."

మామూలుగా ఇలాంటప్పుడు ఆమే లేచి వంటగదిలోకి వెళ్తుంది. ఆరు నిమిషాల్లో తెచ్చేస్తుంది. ఈసారి కూడా లేవబోయి, బల్ల మీద చేతులు ఆనించి, ఏమనుకుందో మళ్లీ కూర్చుంది. ఎడమచేతి గడియారం విప్పి సంచిలో పడేసింది.

"ఇంత మంచి కబురు చదివి పెట్టాను, టీ అయినా ఇవ్వవా?" అంది.

ఎల్లిస్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. నాలుగు అడుగులు వేసి చర్చి స్టాపులో కూర్చున్నాడు. బెరిల్ కిటికీ వైపు తిరిగి, ఎదురింటివాళ్లు తలుపుకి కొత్త రంగు వేయిస్తున్నారనీ, ఆ పచ్చ చూస్తే తనకి బడిలో ఉడకబెట్టిన బఠాణీలే గుర్తొస్తున్నాయనీ, వాళ్ల పెద్దమ్మాయికి ఏదో సంబంధం కుదిరిందట గానీ ఆ కుర్రాడి చెవులు అదోలా ఉన్నాయనీ, తీరుబడిగా చెప్పడం మొదలుపెట్టింది.

కబుర్లు అయ్యేసరికి చక్రాల బల్ల కీచుమంది.