మారింది నంబరొక్కటే

సరిచేశామని లోకానికంతా చెప్పిన లోపం అలాగే ఉందని చిట్టికి తెలిసేసరికి, అక్క ఒంట్లోని రక్తం ఆస్పత్రి డయాలసిస్ మెషీన్‌లో తిరుగుతోంది.

పాతరకం కంప్యూటర్లను ఎవరో నెట్‌లోంచి వరసపెట్టి పడగొడుతున్నారని పొద్దున్నుంచీ కబుర్లు వస్తున్నాయి. అనుమానం తీరక, ముందుగదిలో బల్లకింద ఉన్న పాతదానికి చిట్టి తనే ఆ లోపాన్ని కెలికే ఒక దొంగ సందేశం పంపి చూసింది. తట్టుకుని నిలబడాల్సింది గుడ్లు తేలేసింది. ఆస్పత్రిలో ప్రతి మంచం పక్కనా అలారం మోగించేవి సరిగ్గా ఇలాంటివే. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌ని ఏరి, కూర్చి, కట్టగట్టి పంపేది చిట్టీ, అక్క మొగుడూ పనిచేసే బృందమే.

సరిచేశామని పంపిన ప్యాకేజీ విప్పి చూసింది. లోపల ప్రోగ్రాంలో ఒక్క వాక్యం మారలేదు. మారింది వెర్షన్ నంబరొక్కటే.

అక్కకి ఫోన్ చేసింది.

"ఏంటే, ఇందాకేగా దింపి వెళ్లావు, అప్పుడే బెంగా?" అక్క నవ్వింది. "ఇక్కడ తమాషా విను. పక్క మంచం కంప్యూటర్ నల్లబడిపోయింది. నర్సమ్మ దాని నెత్తిన ఒకటే మొత్తడం!"

"అక్కా, నవ్వకు. నీ పక్కనున్న దాని నెట్ వైరు పీకెయ్యమను. అన్నిటివీ పీకెయ్యమను. ఇప్పుడే!"

"అదేంటే... అయ్యో, ఆ చివరిది కూడా పోయింది. సిస్టర్! సిస్టర్!"

ఫోన్ ఎక్కడో పడిన చప్పుడు. పరుగులు. ఆ తర్వాత ఏమీ లేదు.

వెనక అలికిడి. కాఫీ పట్టుకుని బావ. ఆయన చూపు చిట్టి మీద లేదు, తెర మీదున్న నంబరు మీద ఉంది.

"పీకేశారే," ఆయాసపడుతూ అక్క గొంతు. "నాది బానే ఉంది. ఏ దరిద్రుడే ఈ పని చేసింది?"

బావ ఫోన్ లాక్కున్నాడు.

"నేనేనే. మేం కట్టగట్టి పంపే ఆ ప్రోగ్రాం రాసేవాళ్లు, దాన్ని రాసే కంప్యూటర్ భాష మార్చేశారు. కొత్త భాషలోది ఈ పాత కంప్యూటర్ల మీద నడవదు. పాతదాన్నే ఉంచుదాం, వాళ్లు చేసే ప్రతి మరమ్మతూ పాత భాషలో నేను తిరగరాస్తానని మీటింగ్‌లో గొప్పగా ఒప్పుకున్నా. ఈసారిది ఎంత చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. చిట్టికి పని నేర్పినవాణ్ణి, దాన్నే అడగాలంటే నామోషీ అనిపించింది. నంబరు మార్చి, సరిచేశామని రాసి పంపేశా. నువ్వు వెళ్లిన ప్రతిసారీ, అక్కడి నుంచి ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదే. నీ మీద బెంగ అనుకున్నావు. నీ మంచం పక్కన ఏం పెట్టానో నాకు తెలుసు."