ఇవాళ్టి తిథి

మావయ్య ధనరాజుకి మతి పోయిందన్న ప్రతివాళ్ళతోనూ సుమతి పోట్లాడింది. ఆ మాట అబద్ధమని తేల్చుకోవడానికే ఆయన్ని కోడూరు దగ్గరి సముద్రపొడ్డు పల్లె నుంచి బస్సెక్కించి, బందరులో డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది.

డాక్టరు ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని, "ఇవాళ తారీఖెంతండీ పెద్దాయనా?" అని అడిగాడు.

"తారీఖులతో మాకేం పనండీ?" అన్నాడు ధనరాజు తడుముకోకుండా. "సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళం, తిథి చూసుకుంటాం. ఇవాళ అష్టమి. పోటు పెద్దగా రాదు."

డాక్టరుకి ముచ్చటేసింది. "తిథులు నాకే తెలీవు. మీ మావయ్యగారు భేషుగ్గా ఉన్నారమ్మా," అంటూ కాగితం మీద టిక్కు పెట్టాడు.

సుమతి ఇంత దూరం వచ్చింది ఆ మాట కోసమే. దాన్ని పట్టుకెళ్తే ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించవచ్చు. ధనరాజు కూడా పరీక్ష నెగ్గినవాడిలా కోడలి వంక చూసి నవ్వాడు.

యాభై ఏళ్ళపాటు పల్లెలో పడవలన్నీ ఆయన చెప్పిన తిథిని బట్టే కదిలాయి. ఆయన ఏనాడూ పంచాంగం తిరగేసింది లేదు, తిథి తప్పిందీ లేదు.

ఈ తెల్లవారుజామున పోటు నీళ్ళు పల్లె బాట మీదికెక్కాయి. అంత పోటు అమావాస్యకో పౌర్ణమికో తప్ప రాదు. నిండు వెన్నెల్లో, ఆ నీళ్ళలోంచే సుమతి ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆయన పంచె అంచు ఇంకా ఆరనే లేదు.

"ఆ టిక్కు తీసేయండి డాక్టరుగారూ," అంది సుమతి. "ఇవాళ పౌర్ణమి."