ముప్పై మంది చెవులు

ఫోన్ వచ్చినప్పుడు నా చేతినిండా జొన్నపిండి. మహేశ్ పరుగున వచ్చి ఫోను నా చెవి దగ్గర పట్టుకున్నాడు. పెళ్లయి ఇరవై మూడు రోజులే కదా, ఇలాంటి పనులు ఇద్దరం ఇంకా పోటీపడి చేస్తున్నాం.

“నవనీతా, ఒప్పుకున్నారమ్మా!” అంది రేణుక మేడం. యూనివర్సిటీలో నా పీహెచ్‌డీకి గైడు ఆవిడ. “వినికిడి పరీక్షల వ్యాను జగిత్యాలలోనే ఉంది. రేపు ఒక్కపూట సిరిసిల్లకు పంపుతారట. కానీ ముప్పై మంది పేర్లు, సంతకాలు ఈ సాయంత్రం అయిదు లోపు నాకు చేరాలి. లేకపోతే వ్యాను వెనక్కి వచ్చేస్తుంది.”

సంతోషం పట్టలేక మహేశ్‌ను గట్టిగా పట్టుకున్నాను. అతని చొక్కా మీద నా రెండు అరచేతులు పిండితో అచ్చుపడ్డాయి.

“గీ అంగీ ఇగ ఉతుకనియ్య,” అన్నాడు.

మరమగ్గాల మోత పనివాళ్ల వినికిడిని ఎంత తగ్గిస్తుందన్నదే నా పరిశోధన. ఇక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. కోరుట్ల పిల్లను, ఆ మాట నా నోటికి ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. మా మామ భూమన్న ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. జాబితాలో మొదటి పేరు ఆయనదే అనుకున్నాను.

“నాకేమైంది బిడ్డా? చీమ నడిచినా ఇనవడ్తది,” అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ. “చెవిటి భూమన్న అని పేరు పెట్టిస్తవా ఏంది?”

“టీవీ పెడ్తె నాలుగిండ్ల దాంక మోగుతది. గా ముచ్చట చెప్పు!” అంది మా అత్త మొగిలవ్వ ఆయన వెనక నుంచి. ఆయన వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి నేనూ కాగితాలు పట్టుకుని మామ పనిచేసే సాంచాల షెడ్డుకు వెళ్లాను. ఆ మోతలో నా మాట నాకే వినబడలేదు. అక్కడి పనివాళ్లకు మాత్రం వినబడింది. పది అడుగుల దూరం నుంచి అడిగినా టక్కున జవాబు చెప్పారు. “మీకు వినికిడి లోపం ఉందా?” అన్న ప్రశ్నకు ఒక్కొక్కరూ అదే మాట: “లేదు.” పక్క షెడ్డులోనూ అంతే. నా అంచనాయే తప్పా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే.

మధ్యాహ్నం రెండయింది. జాబితాలో ఒక్క పేరూ లేదు. నూలు ధూళికి తుమ్ములు ఆగక మాస్కు పెట్టుకున్నాను. మహేశ్ అన్నం డబ్బా తెచ్చేసరికి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మామకు వడ్డిస్తూ అడిగాను.

“మామా, చారు పొయ్యాల్నా?”

“కారా? ఏ కారు బిడ్డా? ఎవరచ్చిండ్రు?” అంటూ ఆయన వాకిలి వైపు చూశాడు.

మహేశ్ పకపకా నవ్వాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అంత మోతలో విన్న మనిషికి ఇంత నిశ్శబ్దంలో వినబడలేదు. తేడా ఒక్కటే. పొద్దున నా నోరు కనబడింది, ఇప్పుడు మాస్కు అడ్డముంది.

మాస్కు తీసేసి, గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రమే కదిపాను: చారు పొయ్యాల్నా?

“పొయ్యి బిడ్డా, అడుగుతవేంది?”

“నాయినా, నీ కోడలు సప్పుడే చెయ్యలే!” అన్నాడు మహేశ్.

మామ కలిపిన ముద్ద కంచంలోనే ఉంచేశాడు. “మల్ల అను,” అన్నాడు. అన్నాను. “మూతి దాచుకొని అను.” దాచుకుని, ఈసారి పైకే అన్నాను. ఆయనకు ఒక్క ముక్కా వినబడలేదు.

“ఎనుకనుంచి పిలుస్తె పలుకనని మీ అత్త రోజు లొల్లి వెడ్తది. నేను కావాల్నని చేస్తున్న అనుకుంటది,” అన్నాడు మెల్లగా. “నాకు సుత ఆమెనే గునుగుతదేమో అనిపిస్తుండె.”

చేయి కడుక్కుని లేచాడు. మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని, సాంచాలు బాగుచేసే బాబా మియా దగ్గరికి వెళ్లాడు.

“బాబా మియా, చాయ్ తాగుదమా?”

“కాయలా? ఏం కాయలు భూమన్నా?”

షెడ్డంతా గొల్లుమంది. “చాయ్ అంటె గుడ ఇనవడకపోతె ఇగ నీ బతుకేంది తాతా!” అని ఎవరో అరిచారు. మామ తువ్వాల దించి సంగతి చెప్పాడు. బాబా మియా తన రెండు చెవులూ తడుముకున్నాడు.

“అరే, ఇన్నేండ్లు మనం మూతులు చూసి బతికినమా! రాయి బిడ్డా, నా పేరు ముంగట రాయి.”

“ముంగట నాది!” అన్నాడు మామ.

కరెంటు వచ్చింది, మోత మళ్లీ మొదలైంది. కానీ ఆ మోతలో మాట్లాడుకోవడం వాళ్లకు నేర్పాలా? మామ ఒక మూల నుంచి చెవి చూపించి, అరచేతిలో వేలితో రాసినట్టు సైగ చేశాడు. అది సాంచ నుంచి సాంచకు, పక్క షెడ్డుకు పాకిపోయింది. నేను మోతకు దూరంగా వాకిట్లో కూర్చున్నాను, అక్కడి నుంచి కదలనైనా లేదు. మనుషులే వరుసగా వచ్చి, “మూతి దాచుకొని ఓసారి అడుగు చెల్లె,” అంటూ తమను తాము పరీక్షించుకుని మరీ సంతకాలు పెట్టారు. నాలుగున్నరకు ముప్పై నాలుగు పేర్లు! ఫోటోలు తీసి పంపగానే మేడం ఫోన్ చేసింది.

“వ్యాను వస్తోంది నవనీతా. ఒక్కటి మరిచిపోకు. పరీక్షకు ముందు చెవులకు పూర్తి విశ్రాంతి ఉండాలి. మోతలో నుంచి నేరుగా వస్తే ఫలితం సరిగా రాదు.”

ఆ మాట మామకు ఎదురుగా నిలబడి చెప్పాను. ఆయన రెండు షెడ్ల యజమాని అయిన ఆసామితో మాట్లాడి వచ్చి, స్టూలెక్కి రెండు చేతులూ ఊపాడు.

“అందరు ఇటు చూడుండ్రి! ఆసామి ఒప్పుకున్నడు. ఇయ్యాల రాత్రి షిఫ్టు బంద్. రేపు తొమ్మిదింటికి వ్యాన్ అస్తది. పరీక్షలు ఒడిసేదాంక ఒక్క సాంచ గుడ తిరుగది. ముంగట నేను కూసుంట, నా ఎనుక బాబా మియా. మొగిలవ్వను సుత తోల్కస్త. ఆమె గునుగుతదో నాకే ఇనవడదో రేపు తేలిపోతది!”