తల దించుకున్నవాడి బొమ్మ

వెళ్ళిపోయాడు కదా బైబిల్లోని ఆ డబ్బున్న కుర్రవాడు, మరి వెళ్ళిపోయేవాణ్ణి ముందే ఎలా ప్రేమించినట్టు? ఉన్నదంతా వదిలేసి నా వెంట రా అని ప్రభువు అంటే విని ఉంటే సరే, అదొక న్యాయం. వినలేదు. ముఖం మాడ్చుకుని తన దారిన తాను పోయాడు. అయినా ప్రభువు వాడివైపు చూసి ప్రేమించాడని పాస్టరమ్మ ఆదివారం బైబిలు ముందు పెట్టుకుని మరీ చెప్పింది. చూపు ముందు, ప్రేమ ఆ వెంటనే, అడగడం ఆ తర్వాత. ఈ వరస దగ్గరే ముసలాయన బుర్ర అప్పటినుంచీ చిక్కుకుపోయింది.

"మెడ ఇంకాస్త వంచవయ్యా!" అన్నాడు డ్రాయింగు మాస్టారు.

ముసలాయన వంచాడు. మొలకు చిన్న గుడ్డ తప్ప ఒంటిమీద ఏమీ లేదు. చెక్క వేదిక మీద ఎత్తుపీట, పీట మీద ఆయన, చుట్టూ బొమ్మల స్టాండ్లు, వాటి వెనక గీత నేర్చుకునే పిల్లలు. కిటికీలోంచి చలిగాలి ఒక భుజాన్నే పట్టుకుని కొరుకుతోంది. మోకాళ్ళ మీద పెట్టిన చేతుల్లో నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. తొడ కింద పీట అంచు కోస్తోంది. ఈ బడిలో ఆయన బిచ్చగాడుగా, సన్యాసిగా, ఓడిపోయిన రాజుగా కూర్చున్నాడు. ఇవాళ్టి పాఠం సిగ్గుతో తల దించుకున్న మనిషి.

మాస్టారు బెత్తం కొనతో ఆయన కంఠం కింది గుంటను తాకాడు. "ఇక్కడ చూడండి. కండ కరిగాక మనిషి చొక్కా తగిలించే కొయ్యలా మిగులుతాడు. ఈ నీడ పట్టుకోండి."

"సార్, మెడ ఈకలు పీకిన కోడిలా ఉంది," అన్నాడొక కుర్రాడు.

"గీయడానికి బాగుంది కదరా. దాంతో నువ్వేమైనా బతకాలా ఏంటి?"

అందరూ నవ్వారు. ముసలాయనకూ నవ్వొచ్చింది గానీ, నవ్వితే పొట్ట కదులుతుంది. పోయిన వారం చెయ్యి వణికినందుకు మాస్టారు ఖరాఖండిగా చెప్పేశాడు. "ఇంకొక్కసారి కదిలావో, మర్నాటి నుంచి రానక్కర్లేదు. ప్లాస్టరు బొమ్మ తెప్పించుకుంటాం. దానికి దగ్గయినా రాదు." ఈ పని పోతే గది పోతుంది. గది పోతే ఎవరి అరుగు మీద పడుకోవాలో కూడా ఆయన ఆలోచించి పెట్టుకున్నాడు.

తల దించుకోవడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అమ్మే నేర్పింది. తను అంట్లు తోమే ఇంటి యజమాని ఎదురైతే చాలు, కొడుకు నెత్తిన చెయ్యేసి కిందికి నొక్కేది. "దించు. నీ ముఖం చూస్తే అందరికీ తెలిసిపోతుంది." ఆ యజమాని నుదురే, ఆ యజమాని దట్టమైన కనుబొమలే. ముఖం కాదది, సాక్ష్యం. ఆ పెద్దమనిషి ఒకే ఒక్కసారి వాకిట్లో వాణ్ణి నిలువునా చూశాడు. చూసి, చెప్పులో మేకు గుచ్చుకున్నట్టు మొహం పెట్టి లోపలికి పోయాడు. ఆ పెద్దమనిషి చచ్చిపోయిన రోజు తను గేటు దగ్గర నిలబడితే ఆ ఇంటి కొడుకు వచ్చి, "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. "ఎవర్నీ కాను బాబూ." ఆ జవాబు నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఆ తర్వాత ఇంకో జవాబు వెతుక్కునే అవసరం రాలేదు.

టైర్ల కొట్టు మీది మేడగదిలో జరిగే ప్రార్థనకు మొదట వెళ్ళింది కూడా భక్తితో కాదు, వీపు ఆనించుకునే కుర్చీలుంటాయని. పాస్టరమ్మ లావుపాటి మనిషి. మెట్లెక్కితే ఆయాసం. మాటకు మాత్రం ఆయాసం లేదు.

"నేనెవర్నీ కానమ్మా," అని ఆయనంటే గయ్యిమంది. "నువ్వే చెప్పేసుకుంటే ఎట్లా అన్నా? కుండ ఎవరిదో కుండ చెబుతుందా? ప్రేమించినోడు చెప్పాలి. నువ్వు ఆ ప్రభువు బిడ్డవి. అంతే. ఇక దానిమీద బేరాల్లేవు."

బిడ్డ! పళ్ళూడాక బిడ్డ! ఆ రాత్రి ఆయన దుప్పట్లో నవ్వుకున్నాడు, తర్వాత నవ్వలేకపోయాడు. ఇన్నేళ్ళూ ఎన్నో కళ్ళు చూశాయి, ప్రతి చూపూ ఏదో ఒకటి కొలిచి పట్టుకుపోయింది. ఏమీ పట్టుకుపోని చూపు ఎలా ఉంటుంది? గీయడానికి పనికొస్తాడని కాదు, కదలకుండా కూర్చున్నాడని కాదు. ఊరికే. వెళ్ళిపోయేవాణ్ణి కూడా.

ఛాతీలో ఏదో బిగుసుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. చెబుదామనుకున్నాడు. చెబితే కదలాలి. చెమట కనుబొమల మీంచి జారి కంట్లో పడింది.

"ఆ చెమట కూడా వెయ్యండి, సహజంగా ఉంటుంది," అన్నాడు మాస్టారు.

అప్పుడు ముసలాయనకు ఆ వరసలోని చిక్కు విడింది. ప్రభువు చూపు ముందే జరిగిపోయింది. తను తల దించుకుని ఉండగానే జరిగిపోయింది. ఇక ఈ ముఖాన్ని ఎవరి నుంచి దాచాలి?

ఆయన తలెత్తాడు.

"ఏయ్, దించు!" మాస్టారు బెత్తంతో వేదికను చరిచాడు. "సగం బొమ్మ అయ్యాక ఇదేం పాడుబుద్ధి? దించమంటున్నానా!"

దించలేదు. ఎవరో పిలిస్తే పలకబోతున్నవాడిలా ముఖం పూర్తిగా పైకెత్తి కూర్చున్నాడు.

"సార్, తాత నవ్వుతున్నాడు," అంది ముందు వరసలో అమ్మాయి.

"నవ్వనీ. రేపటి నుంచి ఇంటి దగ్గర నవ్వుకుంటాడు. ముఖాలు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టండి."

రబ్బర్లు కాగితాల మీద గరగరలాడాయి.

"ఇప్పుడు భలే కుదురుగా ఉన్నాడు సార్. రెప్ప కూడా వెయ్యట్లేదు," అన్నాడు కోడిమెడ కుర్రాడు.

"మరి! పని పోతుందంటే ఎవడికైనా కుదురొస్తుంది."

గంట కొట్టాకే, చొక్కా అందించబోయిన ఆ అమ్మాయికి తెలిసింది, తాతకు ఊపిరి లేదని.

ఆయన్ని మోసుకెళ్ళాక గదికి తాళం వేశారు. స్టాండు మీద ఆ అమ్మాయి కాగితం అలాగే ఉండిపోయింది. చక్కగా కుదిరిన భుజాలు, చేతులు, పక్కటెముకలు. మెడ పైన, గట్టిగా రుద్దడంతో నూగు లేచి తెల్లబడ్డ చోటు.