మంచి పుట్టుక అనే మాట

చిక్కుడు గింజలు వలుస్తున్నప్పుడల్లా మా అత్తగారు ఐడెల్లా అనేది, “తాలు కాయలు అవతల పడెయ్ వెర్లీన్, చోటు దండగ.” అది కాయల గురించి కాదని వంటింట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. ముప్పై ఒక్కేళ్ళు ఆ ఇంట్లో వండాను. బట్టల మిల్లులో షిఫ్టు చేసొచ్చి, ఆవిడ జబ్బుపడి మంచాన ఉన్న రెండేళ్ళూ, తిరిగి లేచేదాకా ఒళ్ళు తుడిచాను. నా భర్త రాస్కో చెడ్డవాడు కాదు. చర్చిలో ఎవరి పిల్లలనైనా ఎత్తుకున్నప్పుడు నా వైపు చూడకుండా ఉండటం నేర్చుకున్నాడు. ఒక్కసారే అన్నాడు, “దేవుడు నీలో ఏం చూసి ఆపేశాడో” అని. నేనూ అదే ఆలోచిస్తూ బతికాను.

పద్నాలుగో ఏట నాకు ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ అన్నారు. చదువు రాని మా అమ్మమ్మ చేత కాగితం మీద గుర్తు పెట్టించారు. పెట్టకపోతే సర్కారు ఇచ్చే తిండి సామాను ఆగిపోతుందన్నారట.

ఈ వేసవిలో కడుపునొప్పికి స్కానింగ్ తీసిన డాక్టరమ్మ తెరను నా వైపు తిప్పింది. మెల్లగా అంది, “మీ అపెండిక్స్ ఉన్నచోటే ఉందమ్మా. పిల్లలు పుట్టకుండా కోసింది గర్భనాళాలు. మీకెవరూ చెప్పలేదా?”

ఆ ఆపరేషన్ పాత ఫైలు కోసం రాజధానిలోని సర్కారు ఆఫీసుకి రాశాను. వచ్చిన కాగితం పైన ‘యూజెనిక్స్ బోర్డు’ అని ఉంది. లైబ్రరీలో నిఘంటువు తీశాను. గ్రీకు మాటట. మంచి పుట్టుక అని అర్థం. మేలు జాతి కోసం ఎవరు కనాలో, ఎవరు కనకూడదో ఏరే పద్ధతి. ఆ మాటను ఎలా వాడతారో నా ఫైల్లోనే ఉంది: ‘బడిలో నోరు విప్పదు. మందబుద్ధి. పిల్లలు పుట్టకుండా చేయడం మంచిది.’ నేను నోరు విప్పనిది మా అమ్మ పోయిన ఏడాది.

ఆదివారం భోజనాల దగ్గర అంతా చదివి వినిపించాను. రాస్కో చెంచా కింద పెట్టేశాడు. ఐడెల్లా పళ్ళెం పక్కకి జరిపి అంది, “అయితే తప్పు నీది కాదన్నమాట.”

“మీరెవరూ అడగలేదు. నాదేనన్నారు.”

ఇలాంటి ఆపరేషన్ల బాధితులు వచ్చి చెప్పుకోవచ్చని ప్రభుత్వం విచారణ పెట్టింది. దరఖాస్తులో పేరు రహస్యంగా ఉంచమని కోరే గడి ఒకటుంది.

“అక్కడ టిక్కు పెట్టు. ఊరంతా నవ్వుతుంది,” అన్నాడు రాస్కో.

ఆ గడిని ముట్టుకోకుండా, కింద పెద్ద అక్షరాలతో నా పూర్తి పేరు రాశాను.