ఎర్ర ఊలు చుట్టిన మందు

పెద్దాయన గదిలో ఫ్రిజ్ ఆగిపోయిందనీ, వెంటనే మనిషిని పంపకపోతే కాంట్రాక్టు రద్దేననీ ఆరాధన మందిరం నుంచి ఫోనొచ్చింది. ఫ్రిజ్ రిపేరు షాపు ఓనరు తల పట్టుకున్నాడు. "పళ్లు తప్ప ఏమీ పెట్టని ఫ్రిజ్ కోసం ఇంత ఆదుర్దా ఏమిటో" అని గొణిగాడు. ఆ మాట చెవిన పడగానే ఫ్రిజ్జులక్క పనిముట్ల సంచీ అందుకుంది. "నేను వెళ్తాను" అంది.

ఆ వీధిలో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఏ ఫ్రిజ్జయినా సరే, వెనక చెవి పెట్టి విని దాని రోగమేమిటో చెప్పేస్తుంది. సొంత చెల్లెల్ని మాత్రం ఆ మందిరం నుంచి ఇవతలికి లాక్కురాలేకపోయింది.

చెల్లెలికి షుగరు. రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. మందిరంలో నెలకోసారి "విడుపు" అని ఒకటి పెడతారు. నమ్మకం కుదిరినవాళ్లు వేదిక ముందున్న గంగాళంలో తమ మందులు వేసేయాలి. "నేను జన్మలో మందు ముట్టలేదు, నన్ను చూసి నేర్చుకోండి" అనేవాడు పెద్దాయన. చెల్లెలు చూసింది, నేర్చుకుంది. మందు గంగాళంలో వేసి వారం తిరక్కుండానే కన్నుమూసింది.

చెల్లెలి భర్త, ఫ్రిజ్జులక్క మరిది, కోర్టుకెక్కాడు. బోనులో కూడా పెద్దాయన తొణకలేదు, బెణకలేదు. తాను ఎలా బతుకుతున్నాడో అదే చెప్పానన్నాడు. "చెప్పినదాన్ని ఆయన నిజంగా నమ్మితే అది విశ్వాసం, అందులో చట్టం వేలు పెట్టదు. తాను నమ్మకుండా జనాన్ని నమ్మిస్తే అది మోసం. నమ్మలేదని చూపించండి" అన్నాడు జడ్జి. ఒకడి మనసులో ఏముందో తీసి బల్ల మీద పెట్టడం ఎవరి తరం? వెనక బెంచీలో కూర్చున్న ఫ్రిజ్జులక్క పళ్లు నూరింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే ధ్యాస. ఆ మనిషిని మట్టి కరిపించాలి.

ఇప్పుడు టోపీ కళ్ల మీదికి లాక్కుని పెద్దాయన గదిలోకి వెళ్లింది. పెద్దాయన ఆమెను కోర్టులో చూసినవాడే, అయినా పోల్చుకోలేదు. పనివాళ్ల మొహాలు చూస్తే తన తేజస్సు తరిగిపోతుంది కాబోలు.

"తొందరగా కానియ్యమ్మా. లోపలున్నవేవీ ముట్టుకోకు" అని చెప్పి స్నానానికి వెళ్లాడు.

ముట్టుకోకుండా ఫ్రిజ్ బాగుచేసే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. విప్పాలంటే ముందు ఖాళీ చేయాలి. పళ్ల బుట్ట పక్కన పెట్టింది. దాని వెనక డబ్బా నిండా ఇన్సులిన్ పెన్నులు. వాటి మీద వేరువేరు మందుల షాపుల చీటీలు, వేరువేరు మనుషుల పేర్లు. వాటి మధ్య, మూతకు ఎర్ర ఊలు చుట్టినది ఒకటి.

ఆ ఊలు చుట్టింది తనే. చెల్లెలికి చూపు మందగిస్తోందని, పొద్దుటి మందు ఏదో రాత్రి మందు ఏదో తడిమి తెలుసుకుంటుందని. విడుపు ముందురోజే కొత్తది తెచ్చి చుట్టి ఇచ్చింది. ఇప్పుడది సగం ఖాళీగా ఉంది.

ఫ్రిజ్జులక్కకు ఒళ్లంతా మంటలు పుట్టాయి. చెల్లెల్ని చంపి, చెల్లెలి మందుతోనే బతుకుతున్నాడు. చల్లదనం కాస్త ఎక్కువ పెడితే చాలు, మందు గడ్డకడుతుంది. కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పనిమాత్రం చేయదు. చెల్లెలు ఎలా విలవిల్లాడిందో వీడూ అలాగే విలవిల్లాడతాడు. స్క్రూడ్రైవర్‌ను చల్లదనం పెంచే మర మీద ఆనించింది, మళ్లీ తీసేసింది.

అంత సులువుగా పోనివ్వకూడదు అనుకుంది. మంచం మీద పోతే మహాత్ముణ్ణి చేసి కూర్చోబెడతారు. వీడు నిక్షేపంలా బతకాలి, మళ్లీ బోనెక్కాలి.

మరిది కేసు చూస్తున్న లాయరమ్మకు ఫోన్ చేసింది.

"ఏవీ కదలనివ్వకక్కా. ఇన్‌స్పెక్టర్‌ని తీసుకుని వస్తున్నా" అంది లాయరమ్మ.

ఫ్రిజ్జులక్క సొంతింటి ఫ్రిజ్‌లా శ్రద్ధగా బాగుచేసింది. అన్నీ ఎక్కడివక్కడ సర్దింది, పళ్ల బుట్ట తప్ప. ఆ తర్వాత స్టూలు లాక్కుని ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

పెద్దాయన స్నానం ముగించి వచ్చాడు. బల్ల మీద భోజనం వడ్డించి ఉంది.

"అయిందా? కాస్త లే, ఒకటి తీసుకోవాలి."

"ఇప్పుడే తెరవకూడదండీ, గ్యాస్ కుదురుకోవాలి. పళ్లే కదా, ఇవిగో."

"పళ్లు కాదు."

"మరేంటండీ?"

ఆయన భోజనం వైపు చూశాడు, ఆమె వీపు వెనకున్న తలుపు వైపు చూశాడు. నుదుట చెమట పట్టింది. ఆ చెమటను ఫ్రిజ్జులక్క తీరిగ్గా, కళ్లారా చూసుకుంది.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు, లాయరమ్మ, వాళ్ల వెనక ఆరాధనకొచ్చిన జనం. ఫ్రిజ్జులక్క టోపీ తీసింది. అప్పుడు పోల్చుకున్నాడు పెద్దాయన. ఆమె ఫ్రిజ్ తలుపు తెరిచి డబ్బా చూపించింది.

"అవి నావి కావు. ఎవరు పెట్టారో నాకు తెలీదు" అన్నాడు.

"అయితే పట్టుకుపోతారు లెండి. మీకు వాటితో పనేముంది, నమ్మకం ఉందిగా."

ఇన్‌స్పెక్టరు డబ్బా తీసుకుని గుమ్మం వైపు కదిలాడు. పెద్దాయన జనం వైపు చూడకుండా చెయ్యి చాపాడు.

"ఒక్కటి ఉంచండి" అన్నాడు.

"ఇవ్వండి సార్" అంది ఫ్రిజ్జులక్క. "కేసు తేలేదాకా ఈయన బతకాలి. ఎర్ర ఊలున్నది మాత్రం ఇవ్వకండి, అది మా చెల్లిది."

అందరూ చూస్తుండగా పెద్దాయన పొట్టకు సూది వేసుకోడానికి చొక్కా పైకెత్తాడు.